ఐదున్నర పరగణాల తగవు

పదకొండును రెండు చేస్తే ఐదున్నర. దక్కనులో ఈ చిన్న లెక్క కోసం నూరేళ్లకు పైగా కత్తులు దూశారు. సోలాపూర్ కోట, దాని కింది ఐదున్నర పరగణాలు అన్న మాట బీజాపూర్, అహ్మద్‌నగర్ సుల్తానుల మధ్య ఏ సంధి కుదిరినా, ఏ పెళ్లి జరిగినా, ఏ యుద్ధం మొదలైనా రాక తప్పలేదు. రాజ్యాల హద్దులు నదుల వెంటో కొండల వెంటో నడుస్తాయి. ఇక్కడ మాత్రం ఒక పరగణాను నడిమికి చీల్చి సగం ఇటు, సగం అటు అన్నారు. అన్నదమ్ములు వేరుపడ్డ ఇంట్లోనే అలాంటి 'అర' తేలుతుంది.

ఆ అన్నదమ్ముల్లో ఒకడు ఖ్వాజా జహాన్ దక్కనీ. సోలాపూర్‌కు వాయవ్యాన ఉన్న పరండా కోట అతనిది. రెండోవాడు జైన్ ఖాన్, సోలాపూర్‌లో ఉండేవాడు. ఇద్దరూ బహమనీ సర్దారులే. 1481లో మంత్రి మహమూద్ గవాన్‌ను చంపించాక బహమనీ రాజ్యం లోపలినుంచి పుచ్చిపోయింది. 1482లో గద్దెనెక్కిన మహమూద్ షా బీదర్ కోటలో కూర్చుని ఎవరేం అడిగితే దానికి ముద్ర వేసే స్థితికి వచ్చాడు. బీజాపూర్‌లో యూసఫ్ ఆదిల్ ఖాన్, అహ్మద్‌నగర్ వైపు మాలిక్ అహ్మద్ నిజాం షా 1490 ప్రాంతంలో ఎవరి కుంపటి వారు పెట్టుకున్నారు. ఆ ఇద్దరి నడుమ చిక్కిన చిన్న సర్దారులు ఎటు వాలితే బతుకుతామో చూసుకుంటున్న రోజులవి.

ఇంటికి ఉన్నవి పదకొండు పరగణాలు. ఖ్వాజా జహాన్ పట్టు వాటన్నిటి మీదా ఉంది. జైన్ ఖాన్ తన పాలు తనకు పంచమన్నాడు. అన్న వినలేదు. తమ్ముడు బీదర్ దర్బారుకు పోయి సగం పరగణాలు తనవేనని ఫర్మానా రాయించుకొచ్చాడు. ముద్ర ఉన్నా, దాన్ని అమలు చేసే సైన్యం ఆ ముద్ర వేసిన చేతికి లేదు. అన్నకు అహ్మద్ నిజాం షా అండ దొరికింది. తమ్ముడు యూసఫ్ ఆదిల్ ఖాన్ దగ్గరికి చేరాడు. చివరికి బీజాపూర్ బలంతో జైన్ ఖాన్ తన ఐదున్నర దక్కించుకున్నాడు.

పంపకం జరిగింది, తగవు మాత్రం ఇల్లు దాటింది. అన్నకు అండ నిలిచినందుకు అహ్మద్‌నగర్, తమ్ముడికి ఇప్పించినందుకు బీజాపూర్ తమకూ ఆ భూమి మీద హక్కుందని లెక్కవేసుకున్నాయి. పలనాటిలో నలగాముడు గురజాలలో, మలిదేవుడు మాచర్లలో వేరుపడి చివరికి కారెంపూడిలో తలపడ్డ కథ తెలుగువాళ్లకు తెలిసిందే. అక్కడ దాయాదులు తమ పోరు తామే పోరాడుకున్నారు. ఇక్కడ దాయాదులు పోయినా పోరు ఆగలేదు.

ఆ కోట ఇప్పటికీ సోలాపూర్ నడిబొడ్డున ఉంది. తెలుగు నేతగాళ్ల సాంచాల చప్పుడు వినబడే జోడ్‌భావి పేట్ నుంచి పెద్ద దూరమేం కాదు. ఊళ్లో దాన్ని భుయ్‌కోట్ కిల్లా అంటారు. కొండ మీద కాకుండా చదును నేల మీద కట్టిన కోట కాబట్టి దాని బలమంతా గోడల్లోనూ నీళ్లలోనూ ఉంది. రెండు వరసల గోడ, ఒక పక్క సిద్ధేశ్వర చెరువు, తక్కిన వైపుల అగడ్త. ఉత్తరాన అహ్మద్‌నగర్, దక్షిణాన బీజాపూర్, తూర్పున కల్యాణి, బీదర్, గోల్కొండ. దండు ఎటు నడవాలన్నా సోలాపూర్ దారిలో తగులుతుంది. ఇది చేతిలో ఉన్న సుల్తాను పక్కవాడి పొలిమేర మీద కాలు పెట్టుకుని కూర్చున్నట్టే.

1510లో యూసఫ్ ఆదిల్ ఖాన్ చనిపోయాడు. కొడుకు ఇస్మాయిల్ ఇంకా పిల్లవాడు. పెత్తనం కమాల్ ఖాన్ అనే దక్కనీ సర్దారు చేతికి వచ్చింది. కమాల్ ఖాన్ మొదట చేసిన పనుల్లో ఒకటి, తన పాత యజమాని నిలబెట్టిన జైన్ ఖాన్ మీదికే దండెత్తడం. 1511లో సోలాపూర్ ముట్టడి మూడు నెలలు సాగింది. జైన్ ఖాన్ అహ్మద్‌నగర్ వైపు చూశాడు, సాయం రాలేదు. అక్కడ అహ్మద్ నిజాం షా పోయి గద్దె మీద ఆయన కొడుకు బుర్హాన్ ఉన్నాడు, అతనూ పిల్లవాడే. పరండాలో ఉన్న అన్న కూడా కదలలేదు. ప్రాణానికి, కుటుంబానికి అభయం అడిగి జైన్ ఖాన్ కోటను, ఐదున్నర పరగణాలను అప్పజెప్పాడు. దాదాపు ఇక్కడితో చరిత్రలోంచి అతను తప్పుకున్నాడు. పేరు మాత్రం భూమికి అంటుకుని ఉండిపోయింది. ముప్పై ఏళ్ల తర్వాతి సంగతులు రాసేటప్పుడు కూడా చరిత్రకారులు ఆ పరగణాలను జైన్ ఖాన్ పరగణాలనే అన్నారు.

కమాల్ ఖాన్‌కు ఈ గెలుపు తలకెక్కింది. బాల సుల్తానును తప్పించి తానే గద్దె ఎక్కాలని చూశాడు. ఇస్మాయిల్ తల్లి బూబూజీ ఖానమ్ మరాఠా ఇంటి ఆడపడుచు. ఆమె ఆలోచనతో యూసఫ్ తుర్క్ అనే నమ్మకస్తుడు కమాల్ ఖాన్ ఇంటికే వెళ్లి పొడిచి చంపాడు. చచ్చిన తండ్రికి బదులు తీర్చుకోవడానికి కొడుకు సఫ్దర్ ఖాన్ బలగంతో రాజమహలు మీదికి వచ్చాడు. లోపల మనుషులు కొద్దిమంది. ఇస్మాయిల్ మేనత్త వరసైన దిల్‌షాద్ ఆఘా కవచం తొడిగి విల్లు పట్టిందని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. పైనుంచి పిల్లవాడు దొర్లించిన రాయి కింద సఫ్దర్ ఖాన్ నలిగిపోయాడు. ఆ రోజు మహలును కాచినవాళ్లలో పర్షియాలోని లార్ ప్రాంతం నుంచి వచ్చిన ఖుస్రో అనే యోధుడున్నాడు. అతనికి అసద్ ఖాన్ అనే బిరుదు, బెళగావి జాగీరు దక్కాయి. తర్వాతి నలభై ఏళ్లకు దగ్గరగా సోలాపూర్ కథలో ప్రతి మలుపులోనూ ఇతను కనిపిస్తాడు.

కత్తితో పోయినదాన్ని పెళ్లితో తెచ్చుకోవచ్చని అహ్మద్‌నగర్ ఆలోచించింది. 1524లో ఇస్మాయిల్, బుర్హాన్ సోలాపూర్‌లోనే కలుసుకున్నారు. ఇస్మాయిల్ చెల్లెలు మరియమ్‌ను బుర్హాన్‌కిచ్చి పెళ్లి చేశారు. పెళ్లి మాటల్లో సోలాపూర్ కోటను కట్నంగా ఇస్తామని అసద్ ఖాన్ ఒప్పుకున్నాడని అహ్మద్‌నగర్ వాళ్లు పట్టుపట్టారు. అలాంటి మాటే ఇవ్వలేదని బీజాపూర్ వాళ్లు తోసిపుచ్చారు. పెళ్లిపందిట్లో ఒప్పుకున్నామని ఒకరు, లేదని ఒకరు. పెద్దమనుషుల మధ్యవర్తిత్వం లేని చోట ఆ పంచాయితీకి తుపాకిమందు తోడైంది.

మరుసటి ఏడే బుర్హాన్ బీదర్, బరార్ పాలకులను కలుపుకుని సోలాపూర్ మీదికి వచ్చాడు. ఆ పోరులో బుర్హాన్ ఎండకు, దాహానికి సొమ్మసిల్లి పడిపోతే పల్లకీలో వేసి అహ్మద్‌నగర్‌కు మోసుకుపోయారని ఫెరిష్తా చెబుతాడు. ఇంటి గొడవ కూడా ఈ పగకు తోడైంది. బుర్హాన్ అంతకుముందే అమీనా అనే నర్తకిని పెళ్లాడాడు. అంతఃపురంలో ఆమె మాటే చెల్లుబాటవుతున్నదని, తన చెల్లెలికి మర్యాద దక్కడం లేదని ఇస్మాయిల్ రాయబారుల ముందు నిష్ఠూరమాడాడు. బావమరిది మాటలు బావకు ములుకుల్లా తగిలాయి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ కథలో సగం మనకు చెప్పిన ఫెరిష్తా 1589 నుంచి బీజాపూర్ కొలువులో ఉన్నవాడు. అహ్మద్‌నగర్ పక్షం వినాలంటే అక్కడ కొలువు చేసిన సయ్యద్ అలీ తబతబా రాసిన 'బుర్హానె మాసిర్' చూడాలి. ఎవరి ఉప్పు తిన్నవాడు వారి వైపు కాస్త మొగ్గాడు. బుర్హాన్ సొమ్మసిల్లిన ముచ్చటను ఆ ఎరుకతోనే చదవాలి.

ఇస్మాయిల్ 1534లో చనిపోయాడు. చనిపోయింది సోలాపూర్ దగ్గర కాదు, తెలంగాణలో. గోల్కొండ వారి కోయిల్‌కొండ కోటను ముట్టడించి ఉండగా జబ్బు పడ్డాడు. ఇవాళ మహబూబ్‌నగర్ జిల్లాలో ఉన్న ఆ కోట, సోలాపూర్ కోట ఒకే చదరంగపు బల్ల మీది గళ్లు. ఒక చోట కదలిక వస్తే రెండో చోట గుర్రాలకు జీను వేసేవారు.

కొత్త సుల్తాను ఇబ్రహీం ఆదిల్ షా హయాంలో అసద్ ఖాన్‌కు దర్బారులో పొసగలేదు. బెళగావిని బుర్హాన్‌కు అప్పగించబోతున్నాడని గిట్టనివాళ్లు పుకారు పుట్టించారు. సుల్తాను అనుమానించాడు. ఆ సందు చూసుకుని 1542లో బుర్హాన్ బీదర్ పాలకుడు బరీద్‌తో కలిసి దిగాడు. జైన్ ఖాన్ పేరు మీది ఐదున్నర పరగణాలను పట్టుకుని ఎవరికిచ్చాడో తెలుసా? ఖ్వాజా జహాన్‌కు. అన్నదమ్ములు వేరుపడ్డ ఇన్నేళ్లకు పదకొండు పరగణాలూ పరండా ఏలుబడి కింద మళ్లీ ఒకటయ్యాయి. ఆ సంబరం ఆ ఏడాది కూడా నిలవలేదు. తప్పనిసరై శత్రువుల శిబిరంలో కాలు పెట్టిన అసద్ ఖాన్, బరార్ సుల్తాను సాయంతో తన యజమాని పక్షానికి తిరిగి వచ్చేశాడు. దౌలతాబాద్ దాకా వెనక్కి తగ్గిన బుర్హాన్ ఐదున్నర పరగణాలను తిరిగి ఇచ్చి సంధి చేసుకున్నాడు.

ఓడినవాడు ఈసారి పెద్ద జట్టు కట్టాడు. బుర్హాన్ సోలాపూర్ మీదికి, విజయనగరం అళియ రామరాయల బలగం రాయచూరు మీదికి, గోల్కొండ జంషీద్ కుతుబ్ షా గుల్బర్గా వైపుకి మూడు దిక్కుల నుంచి వచ్చారు. ఇబ్రహీంకు దిక్కుతోచలేదు. బెళగావి నుంచి ముసలి అసద్ ఖాన్‌ను పిలిపించి సలహా అడిగాడు. ఆయన చెప్పినది సూటిగా ఉంది. అసలు పగ బుర్హాన్‌ది, అతనికి కావలసినది ఐదున్నర పరగణాలు. అవి ఇచ్చేస్తే వెనక్కి పోతాడు. రామరాయలకు కానుకలు పంపి మంచి చేసుకోవాలి. మిగిలినవాడు జంషీద్, అతని సంగతి తాను చూసుకుంటాడు.

అలాగే జరిగింది. అసద్ ఖాన్ జంషీద్‌ను గుల్బర్గా సీమ నుంచి తరుముకుంటూ గోల్కొండ దాకా వచ్చాడు. అక్కడ ఇద్దరూ ఎదురెదురుగా కత్తులు కలిపారు. అసద్ ఖాన్ వేటుకు జంషీద్ ముక్కు కొస, పెదవి, చెంప తెగాయి. ఆ తర్వాత బతికినంత కాలం తినడానికీ తాగడానికీ జంషీద్ అవస్థపడ్డాడట. సోలాపూర్ పొలాల హక్కు గురించి మొదలైన తగవులో నెత్తురు గోల్కొండ గడ్డ మీద చిందింది.

జంషీద్ ఇంట్లో ఉన్న చిచ్చు జైన్ ఖాన్ ఇంటి చిచ్చుకు పదింతలు. 1543లో అతని తండ్రి సుల్తాన్ కులీ గోల్కొండ మసీదులో నమాజులో ఉండగా హత్యకు గురయ్యాడు. చేయించింది జంషీదే. పట్టానికి రావలసిన అన్న కుతుబుద్దీన్ కళ్లు పొడిపించాడు. చిన్న తమ్ముడు ఇబ్రహీం ప్రాణం దక్కించుకుని విజయనగరం చేరాడు. రామరాయల నీడలో ఏడేళ్లు ఉన్నాడు. అక్కడ తెలుగు అతని నోటికీ చెవికీ పట్టింది. 1550లో జంషీద్ పోయాక తిరిగి వచ్చి గోల్కొండ ఏలిన ఈ ఇబ్రహీం కుతుబ్ షానే మన కవుల మల్కిభరాముడు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానము' అంకితం ఇచ్చింది ఇతనికే. ఇతని సర్దారు అమీన్‌ఖాన్‌కు పొన్నెగంటి తెలగన్న అచ్చతెలుగు 'యయాతి చరిత్ర'ను అంకితమిచ్చాడు. అన్న చేతిలో చావు తప్పించుకుని పారిపోయిన తమ్ముడి వల్ల తెలుగు సాహిత్యానికి మేలు జరిగింది.

అసద్ ఖాన్ 1549లో బెళగావిలో కన్నుమూశాడు. నూరేళ్లకు దగ్గరగా బతికాడని ఫెరిష్తా లెక్క. తన బిరుదూ జాగీరూ సంపాదించిపెట్టిన ఇంటికి చివరిదాకా కట్టుబడ్డాడు, ఆ ఇల్లు తనను అనుమానించినప్పుడు కూడా. ఆయన పోయిన కొద్దికాలానికే బుర్హాన్, రామరాయలు మళ్లీ చేతులు కలిపారు. రాయచూరు, ముద్గల్ రామరాయలకు, సోలాపూర్ బుర్హాన్‌కు అని పంచుకుని 1552 నాటికి ఆ పని పూర్తిచేశారు.

ఈ ముట్టడుల కాలంలో అహ్మద్‌నగర్ ఫిరంగుల మీద చాలా ఖర్చు పెట్టింది. తుర్కీ నుంచి వచ్చిన మహమ్మద్ బిన్ హుసేన్ రూమీ 1549లో పోతపోసిన 'మాలికె మైదాన్' ఆ రోజుల సరుకే. ఎన్నో ఏళ్లు దాన్ని ఖ్వాజా జహాన్ నాటి పరండా కోటలో ఉంచారు. 1632లో బీజాపూర్ వాళ్లు లాక్కుపోయారు. నోరు తెరిచిన సింహం మూతితో ఉన్న ఆ ఫిరంగిని చూడాలంటే ఇవాళ బీజాపూర్ వెళ్లాల్సిందే.

1558లో బీజాపూర్ గద్దె ఎక్కిన అలీ ఆదిల్ షా మొదట అడిగింది కల్యాణి, సోలాపూర్ కోటలనే. బుర్హాన్ కొడుకు హుసేన్ నిజాం షా ఇవ్వకపోగా పరుషంగా మాట్లాడి పంపాడు. అలీ రామరాయలను ఆశ్రయించాడు. రామరాయల కొడుకు పోయిన దుఃఖంలో పరామర్శకు కొద్దిమంది రౌతులతో విజయనగరం వెళ్తే, రామరాయల భార్య అతన్ని కొడుకుగా పిలిచిందంటారు. రామరాయల బలగం వెంట రాగా అహ్మద్‌నగర్ సీమ నలిగిపోయింది. హుసేన్ కల్యాణి వదులుకున్నాడు, సోలాపూర్ మాత్రం వదల్లేదు.

నాలుగు దశాబ్దాల కింద మరియమ్ పెళ్లిలో తేలని కట్నం చివరికి ఆమె మనుమరాలి తరంలో, దిక్కు మార్చుకుని తేలింది. 1564లో హుసేన్ తన కూతురు చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకిచ్చి, కట్నంగా సోలాపూర్ కోటను రాసిచ్చాడు. అలీ చెల్లెలు హదియా హుసేన్ కొడుకు ముర్తజా ఇంటికి వెళ్లింది. హుసేన్ మరో కూతురు గోల్కొండ ఇబ్రహీంకు భార్య అయింది. కుండమార్పిడి పెళ్లిళ్లతో బిగిసిన ఆ చుట్టరికం 1565 జనవరి 23న కృష్ణకు దక్షిణాన రామరాయల తల తీసింది. ఆ తళ్లికోట యుద్ధానికి మనకు పెద్ద పెద్ద కారణాలు చెబుతారు. ఆ కూటమి కట్టడానికి తొలగించాల్సిన అడ్డంకుల్లో ఇద్దరు సర్దారుల ఆస్తి పంపకం ఒకటన్నది అంతగా చెప్పరు.

సరిగ్గా ఆ వారాల్లోనే ఐర్లండులో ఇలాంటిదే మరో బంధువుల యుద్ధం జరిగింది. ఆర్మండ్ ఎర్ల్ థామస్ బట్లర్, డెస్మండ్ ఎర్ల్ జెరాల్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ భూముల కోసం, సుంకాల హక్కుల కోసం తరతరాల పగ మోస్తున్నారు. థామస్ కన్నతల్లి జోన్, భర్త పోయాక జెరాల్డ్‌ను పెళ్లాడింది. కొడుకుకూ మారుతండ్రికీ నడుమ నిలబడి ఎన్నోసార్లు కత్తులు దించించింది. 1565 జనవరిలో ఆమె చనిపోయింది. ఫిబ్రవరిలోనే ఇద్దరూ అఫేన్ దగ్గర తలపడ్డారు. దానికి నెపం సర్ మారిస్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే నైట్. తన ఇంటి పెద్ద అయిన డెస్మండ్‌కు శిస్తు కట్టనని, రక్షణ కోసం బట్లర్ల పంచన చేరాడు. డెస్మండ్ పిస్తోలు గుండు తగిలి పట్టుబడ్డాడు. ఎలిజబెత్ రాణి ఇద్దరినీ లండన్ పిలిపించి సంజాయిషీ అడిగింది. ఇంటివాడి మీద అలిగి పొరుగువాడి అండ కోరిన మారిస్‌ది జైన్ ఖాన్ దారే. తేడా అల్లా, అక్కడ ఇద్దరి మీదా పెత్తనం చేయగల రాణి ఉంది. బీదర్ సుల్తానుకు ఆ సత్తా లేదు.

కట్నంగా వచ్చిన కోట బీజాపూర్‌కు స్థిరపడిందా అంటే అదీ లేదు. అహ్మద్‌నగర్ తరఫున మాలిక్ అంబర్ 1624లో భాత్వడి యుద్ధం గెలిచాక సోలాపూర్‌ను పట్టాడు. నిజాంషాహీ రాజ్యం కూలిన తర్వాత 1636లో షాజహాన్ బీజాపూర్‌తో చేసుకున్న ఒడంబడికలో సోలాపూర్, పరండా రెండూ ఆదిల్‌షాహీకి వచ్చాయి. అన్న కోట, తమ్ముడి కోట ఒకే యజమాని చేతికి చేరాయి. అప్పటికి పంచుకునే వాటాదారు ఎవరూ మిగల్లేదు. 1668లో ఔరంగజేబు సోలాపూర్‌ను తీసుకున్నాడు. ఆ తర్వాత నిజాం, పీష్వాలు. 1818 మేలో కోటను ముట్టడించి పీష్వా సైన్యం నుంచి గెలిచినవాడు థామస్ మన్రో, మన దత్తమండలాల కలెక్టరు మన్రో దొరే.

ఆ తర్వాత ఈ కోట కోసం ఎవరూ దండెత్తలేదు. సోలాపూర్‌కు తెలుగు సాలెవాళ్ల రాక బలపడింది ఆ నెమ్మదిలోనే. నిజాం ఏలుబడిలోని తెలంగాణ జిల్లాల నుంచి, అంటే జంషీద్, ఇబ్రహీంలు ఏలిన గడ్డ నుంచి, పద్మశాలి కుటుంబాలు మగ్గాలు, ఆసులు మోసుకుని పడమటికి నడిచాయి. 1860లో రైలు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా సాగిన కరువు మరికొంతమందిని తరిమింది. 1877లో మొదటి నూలు మిల్లు నడిచింది. దారం, సంత, రైలు ఒకేచోట దొరికేసరికి జోడ్‌భావి పేట్, దాని చుట్టుపక్కల పేటలు తెలుగు మాటతో, మార్కండేయుడి పూజతో నిండాయి. ఊరు పెరిగి చోటు చాలక 1872 ప్రాంతంలో పురపాలక సంఘం పట్టణపు ప్రాకారంలో తూర్పు గోడనంతా పడగొట్టించింది. సుల్తానుల ఫిరంగుల కోసం కట్టిన గోడ పోయిన ఆ తూర్పు దిక్కునే మగ్గాల బస్తీలు విస్తరించాయి.